గ్రైండర్‌కు కట్టిన పసుపు దారం

మా బావ ఎడమచేతికి ఏం జరిగిందో ఇంతవరకు మూడు రకాలుగా చెప్పాను. మిర్యాలగూడ దవాఖానలో ఒక రకంగా, సూర్యాపేటలో మా షాపుకు వచ్చి అడిగినవాళ్లకు ఇంకో రకంగా, కోదాడలో అక్క ముందు మరో రకంగా. మొదటి రెండూ అబద్ధాలు. ఇక్కడ రాస్తున్నది మూడోది, అక్క ముందు దాచుకున్న ఒక్క ముక్కతో సహా.

సూర్యాపేటలో మాది వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, రేకుల షెడ్లు చేస్తాం. మాది అంటే అప్పట్లో నాదీ, బావదీ. బావ మా అక్క భర్త. వాళ్లుండేది కోదాడలో. ఆయన పొద్దున బస్సెక్కి వచ్చేవాడు, పొద్దుగూకే ముందు వెళ్లిపోయేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. వెల్డింగ్ ఆయన చేసేవాడు. ఇనుము కోయడం, అతుకులు రుద్ది నునుపు చేయడం నా వంతు. అందుకే చేతి గ్రైండర్ రోజంతా నా దగ్గరే ఉండేది.

చేతిలో ఉండేది నాకైనా, దాన్ని చూసుకునేది ఆయన. నెలకోసారి, పని లేని పూట, నేల మీద పాత గుడ్డ పరిచి మిషన్‌ను విప్పేవాడు. లోపల చేరిన ఇనుప రజనును బ్లోయర్‌తో ఊదేవాడు. మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు బయటకు తీసి గోటితో కొలిచి, అరిగితే రెండూ ఒకేసారి మార్చేవాడు. వైరును మొదటి నుంచి చివరిదాకా వేళ్ల మధ్య లాగుతూ ఎక్కడైనా చీలిందేమో చూసేవాడు. వైరు మిషన్‌లోకి దూరే చోట ఎక్కువసేపు ఆగేవాడు. ఎక్కువ వంగేది అక్కడే కాబట్టి తెగేది కూడా అక్కడే. కటింగ్ వీల్ మధ్యనున్న రింగు మీద గడువు అచ్చేసి ఉంటుందని, అది దాటిన వీల్ చూడటానికి కొత్తగా ఉన్నా వాడకూడదని నాకు చెప్పింది ఆయనే. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో గుచ్చేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండేది.

"మీ బావ నాకంటే ఎక్కువ ఆ మిషన్‌కే సేవ జేస్తడు," అనేది అక్క.

"మిషన్ విప్పితే కానీ నోరు తెరవదు. నీకా అవసరమే లేదు కదా," అనేవాడు బావ. ఆయన మాటలో కోదాడ యాస. కొంచెం ఆంధ్ర వైపు మొగ్గి ఉంటుంది.

అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్న నియమం ఒకటుంది. వీల్ మార్చాలన్నా, వీల్‌ను సగం కప్పి ఉంచే గార్డు తిప్పాలన్నా, ముందు ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గును మన కాలి ముందు, మనకు కనపడేలా పెట్టుకోవాలి. బోర్డు దగ్గర స్విచ్ ఆపితే చాలదు. ఎవరో వచ్చి తెలియక వేస్తారు. రోజుకు ఇరవై సార్లు అడిగేవాడు.

"ప్లగ్గు పీకావా?"

"పీకిన బావా."

నిజంగానే పీకేవాణ్ణి, మొదట్లో. తరువాత తరువాత, ఆయన నిచ్చెన మీద ఉండి నా వైపు చూడకుండా అడిగినప్పుడు, పీకకుండానే పీకిన అనేవాణ్ణి. ఏమీ అయ్యేది కాదు. ఏమీ కాకపోవడం చూసి చూసి నాకు ధైర్యం పెరిగింది.

కిందటేడు ఆయన కొత్త గ్రైండర్ కొన్నాడు. పాతదానికి ముందుకు తోసే స్విచ్ ఉండేది. ఒకసారి తోస్తే అదే నిలబడుతుంది, మిషన్ తిరుగుతూనే ఉంటుంది. ఒకరోజు పరంజా మీద నిలబడి పని చేస్తుంటే అది నా చేతిలోంచి జారి కిందపడింది. పడ్డా ఆగకుండా గచ్చు మీద ఎగిరెగిరి తిరిగింది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ వారమే బావ వెళ్లి కొత్తది తెచ్చాడు. దీనికి పట్టుకునే చోట కింద వైపు పొడుగాటి మీట ఉంటుంది. దాన్ని అరచేత్తో నొక్కిపెడితేనే తిరుగుతుంది. వదిలితే ఆగిపోతుంది. చేయి జారినా, మనిషి పడ్డా, మిషన్ దానంతటదే నిలిచిపోతుంది.

నాకది నచ్చలేదు. రోజంతా మీట నొక్కి పట్టుకుంటే అరచేయి తిమ్మిరెక్కేది. బొటనవేలు మొదట్లో నొప్పి పుట్టేది.

"బావా, చెయ్యి గుంజుతుంది. ఆ పాతదే ఇయ్యి."

"ఏందిరా, చెయ్యి గుంజుతుందా? పెళ్లికూతురి చెయ్యి, గోరింటాకు పెట్టి కూర్చోబెట్టనా?"

"నువ్వొక్క రోజు పట్టి సూడు, తెలుస్తది."

"నొప్పి పుడితే ఆగు. నీళ్లు తాగు. అందుకే కదా అది కొన్నది, నువ్వు ఆగాలనే."

నాకు ఆగడం ఇష్టం లేదు. పని తొందరగా అవ్వాలి, అంతే. అప్పటి నన్ను నేనిప్పుడు గుర్తు చేసుకుంటే పెద్ద దుర్మార్గుడేమీ కనపడడు. చిరాకు పడే మనిషి కనపడతాడు. ఒక్క చిరాకు ఎంతదూరం తీసుకుపోతుందో చెప్పాలనే ఇదంతా.

దసరాకు మా షాపులో మిషన్లన్నిటికీ పూజ చేస్తాం. పొడి గుడ్డతో తుడిచి, బొట్లు పెట్టి, జమ్మి ఆకు ఉంచి, పసుపు రాసిన నూలు దారం ఒక్కోదానికి చుడతాం. దారం చుట్టేది అక్క. ఆ పని కోసమే కోదాడ నుంచి వస్తుంది. మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. పూజలో కట్టిన దారాన్ని మనం తెంపకూడదు. మసి పట్టి, నలిగి, దానంతటదే రాలిపోవాలి. బావ మిగతా పూజల్లో అంత పట్టించుకునే మనిషి కాదు కానీ ఈ దారం విషయంలో మాత్రం పట్టు. వెల్డింగ్ మిషన్ హ్యాండిల్‌కు కిందటి ఏడాది దారం ముక్క ఇంకా వేలాడుతుంటే దాని పక్కనుంచే చెయ్యి పెట్టేవాడు తప్ప పీకేవాడు కాదు.

అది చూసే నాకు ఆ ఆలోచన వచ్చింది.

దసరా అయిన మూడోనాడు, బావ ఇంకా రాకముందు, షాపులో కూర్చుని గ్రైండర్‌కు అక్క చుట్టిన దారం విప్పాను. సంచులు కుట్టే నైలాన్ దారం తీసుకుని మీటను పూర్తిగా నొక్కి, దాని మీదుగా మిషన్ పట్టుకునే చోటు చుట్టూ బిగించి పది చుట్లు చుట్టాను. ముడి వేశాను. పైన పసుపు, దాని మీద కాస్త నూనె మసి రాశాను. దాని మీద అక్క కట్టిన నూలు దారమే మళ్లీ వదులుగా చుట్టాను. చూసేవాళ్లకు పూజ దారమే. బావ చూసినా ముట్టుకోడు. ఆయన పట్టింపు మీద భరోసా పెట్టుకునే ఆ పని చేశాను.

ఆ రోజు నుంచి మిషన్ మీట ఎప్పుడూ నొక్కే ఉంది. జంక్షన్ బాక్స్ మీద స్విచ్ వేస్తే తిరిగేది, తీస్తే ఆగేది. నా అరచేతికి హాయి. ఆ మిషన్ పట్టేది నేనే కాబట్టి బావకు తెలిసే అవకాశం రాలేదు. నెలకోసారి విప్పి చూసేవాడు కదా, ఆ నెల చూడలేదు. వడ్లు కోతకు వచ్చాయి. మిల్లుల వాళ్లు వరసగా పిలుస్తున్నారు. విప్పుదాం విప్పుదాం అంటూనే వాయిదా వేశాడు. పైగా విప్పితే దారం తెంపాలి.

మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో ఇనుప మెట్లు, వాటికి రెయిలింగు బిగించే పని వచ్చింది. రెండో రోజు పదకొండు దాటింది. మిల్లు నడుస్తోంది. ఆ మోతలో పక్కన మనిషి మాట వినపడదు. బావ పైన మెట్ల దగ్గర వెల్డింగ్ చేస్తున్నాడు. నేను కింద వడ్ల బస్తాల పక్కన పైపులు కోస్తున్నాను. జంక్షన్ బాక్స్ దూరంగా, స్తంభానికి కొట్టిన మేకుకు వేలాడుతోంది. దానికీ నాకూ మధ్య బస్తాల వరస ఉంది.

ఉన్నట్టుండి మిల్లు ఆగిపోయింది. కరెంటు పోయింది. నా చేతిలో గ్రైండర్ కూడా ఆగిపోయింది. అంత మోత తరువాత వచ్చిన నిశ్శబ్దంలో పైకప్పు మీది పావురాల గొంతులు వినిపించాయి.

మిల్లు సూపర్‌వైజర్ అటుగా పోతూ అరిచాడు. "ఫ్యూజు మారుస్తున్నరు. పది నిమిషాలల్ల వస్తది. అందరు జర చాయ్ తాగుండ్రి."

ఇదివరకటి రోజుల్లో కరెంటు రోజులో నాలుగుసార్లు పోయేది. పోయిన వెంటనే అన్ని స్విచ్‌లూ ఆపడం, వచ్చాక ఒక్కొక్కటే వేసుకోవడం మాకు చేతికి అలవాటై ఉండేది. ఇప్పుడు కరెంటు పోవడమే అరుదు. ఆ అలవాటు కూడా పోయింది. నేను గ్రైండర్‌ను బస్తా మీద పెట్టి చాయ్ తీసుకున్నాను. బాక్స్ మీద స్విచ్ వేసే ఉంది. ప్లగ్గు దాంట్లోనే ఉంది.

బావ కిందికి దిగాడు. చాయ్ వద్దన్నాడు. గ్రైండర్ చేతిలోకి తీసుకుని వీల్ చూశాడు.

"ఇది చూశావా? అంచు పెచ్చు లేచింది. దీంతోనే కోస్తున్నావా పొద్దుట్నుంచి?"

"ఇంకో రెండు పైపులే బావా."

"రెండు పైపులకు ముందే పగిలి నీ కంట్లో గుచ్చుకుంటే? మీ అక్కకు నేనేం చెప్పాలి? కొత్త వీల్ ఇటు తే. కరెంటు లేనప్పుడే మార్చేస్తా."

సంచిలోంచి కొత్త వీల్, పానా తీసి ఇచ్చాను. ఆయన బస్తా మీద కూర్చుని మిషన్‌ను ఒళ్లో తలకిందులుగా పెట్టుకున్నాడు.

"ప్లగ్గు పీకావా?"

నా చేతిలో సగం చాయ్ ఉంది. బాక్స్ బస్తాల అవతల ఉంది.

"ఆ, పీకిన."

కాలి ముందు ప్లగ్గు లేదు. ఆయన వెతకలేదు. వైరు బస్తాల మీదుగా అవతలికి పోయింది కాబట్టి పీకి అటే పడేశాననుకున్నాడేమో. నేను చెప్పాను కదా, ఇంక చూడటం ఎందుకు?

మిషన్ తిప్పి పట్టుకోగానే పసుపు దారం పైకి వచ్చింది. దాన్ని వేలితో ఒకసారి నిమిరాడు. "మీ అక్క ముడి గట్టిదే. నెల దాటినా ఊడలేదు," అని నవ్వాడు.

నేను కూడా నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ నోట్లో చేదుగా తగులుతుంది.

పెచ్చు లేచిన వీల్ తీసేశాడు. కొత్తది పెట్టే ముందు దాన్ని చెవి దగ్గర పట్టుకుని పానాతో మెల్లగా తట్టి విన్నాడు. లోపల పగులుంటే మోత మారుతుందట. పెట్టి, నట్టు చేత్తో బిగించి, పానాతో ఇంకాస్త బిగించాడు. పానా పక్కన పెట్టాడు. ఇక లేస్తాడనుకున్నాను. లేవలేదు. వీల్ వంకర తిరుగుతుందేమో చూడటానికి ఎడమచేతి వేళ్లతో దాన్ని మెల్లగా తిప్పుతూ అంచు మీదే కళ్లు పెట్టాడు. అది ఆయన అలవాటు. ఎంత తొందరున్నా కొత్త వీల్‌ను మూడు చుట్లు చేత్తో తిప్పకుండా మిషన్ నాకు ఇచ్చేవాడు కాదు.

ఒక చుట్టు. ఫ్యూజుల గది వైపు నుంచి "అయిపోయింది, ఎయ్యి" అని ఎవరో అనడం విన్నాను. విన్నాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, అక్కకు కూడా. ఆ మాట నా చెవిన పడింది. బాక్స్ గుర్తొచ్చింది. చాయ్ గ్లాసు కింద పెట్టి, బస్తాలు దాటి నాలుగు అంగల్లో స్తంభం దగ్గరికి పోవచ్చు. 'బావా, చెయ్యి తియ్యి' అని అరవొచ్చు. అరిస్తే, పీకిన అన్నది అబద్ధమని తేలుతుంది. అంతసేపు, ఆ ఒక్క చుట్టు సేపు, నేను పట్టుబడటం గురించే ఆలోచించాను.

రెండో చుట్టు.

మిల్లు ఒక్కసారిగా లేచింది. దానితో పాటే ఆయన ఒళ్లో మిషన్.

ఆయన అరిచాడో లేదో మిల్లు మోతలో తెలియలేదు. మిషన్ ఎగిరి కిందపడి గచ్చు మీద గిరగిరా కొట్టుకుంది. ఒక హమాలీ బస్తాల మీదుగా దూకి ప్లగ్గు పీకాడు. ఇంకొకతను తన తువ్వాల తీసి బావ చెయ్యిని చుట్టాడు. అందరూ ఆయన చుట్టూ మూగారు. నేను మోకాళ్ల మీద పాకుతూ మిషన్ దగ్గరికి పోయాను. కటింగ్ ప్లయర్‌తో నైలాన్ దారం ముడి దగ్గర కోసి, లాగి, పసుపు నూలుతో సహా ఉండ చేసి జేబులో పెట్టుకున్నాను. ముందు చెయ్యి పట్టుకోవాల్సింది. నేను ముందు దారం కోశాను.

గార్డు ఉండబట్టి ముఖం మిగిలింది. చూపుడువేలు సగానికి పోయింది. మధ్యవేలు ఉంది కానీ నరం తెగింది, ఇక వంగదన్నారు.

సాయంత్రానికి అక్క హుజూర్‌నగర్ మీదుగా బస్సులో మిర్యాలగూడ దవాఖానకు వచ్చింది. బావ మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఎట్లయింది రా? అంత పైలంగ ఉండే మనిషికి ఎట్లయింది?"

"ప్లగ్గు పీకలేదక్కా. కరెంటు లేదు కదాని మర్చిపోయిండు."

ఎవరు మర్చిపోయారో పేరు పెట్టి అనలేదు. అనకపోయినా అక్కకు బావే అని అర్థమైంది. నేను అట్లా అర్థం కావాలనే అన్నాను. అప్పుడు బావ కళ్లు తెరిచి నా వైపు చూశాడు. మళ్లీ మూసుకున్నాడు.

"దునియాకంతా చెప్తడు, ప్లగ్గు ప్లగ్గు అని," అంది అక్క ఏడుస్తూ. "తనకేమయింది?"

మూడు వారాలు నేను షాపుకు పోయాను, వచ్చాను. అడిగినవాళ్లతో స్విచ్ ఖరాబయిందని చెప్పాను. దారం ఉండను కార్బన్ బ్రష్షులు పెట్టుకునే చిన్న డబ్బాలో దాచాను. పారేయలేదు. ఎందుకు పారేయలేదో తెలియదు. ఒకరోజు కోదాడ నుంచి బావ ఫోన్ చేశాడు.

"ఆ గ్రైండర్ తీసుకురా."

"ఎందుకు బావా, ఇప్పుడది?"

"ప్లగ్గు సంగతి పోనీ. నువ్వు మరిచిపోయావు, ఎవరైనా మరిచిపోతారు. కానీ అది పట్టుకుంటేనే తిరిగే మిషన్. నేను మీట పట్టుకోలేదు. మరి ఎందుకు తిరిగింది? లోపల స్విచ్ ఇరుక్కుని ఉండాలి. నేను ఆ నెల విప్పలేదు. చూడాలి."

ఫోన్ పెట్టేశాను. అంటే ఆయన దవాఖానలో కళ్లు మూసుకుని ఆలోచించింది నా అబద్ధం గురించి కాదు. మిషన్ గురించి. తప్పు ఎక్కడుందో వెతుకుతూ వెతుకుతూ తన దగ్గరే ఆగాడు.

అప్పటికైనా చెప్పి ఉండాల్సింది. నేను చేసింది ఇది. షాపు షట్టరు సగం దించి, గ్రైండర్ విప్పి, నేల మీది ఇనుప రజను చిటికెడు తీసి స్విచ్ లోపల వేశాను. ఆయన వెతుకుతున్న తప్పును ఆయనకు దొరికేలా పెట్టాను. మళ్లీ మూత బిగించి, సంచిలో వేసుకుని తెల్లారి కోదాడ బస్సెక్కాను. దారి పొడవునా సంచి ఒళ్లో పెట్టుకున్నాను. డబ్బా కూడా సంచిలోనే ఉంది. బ్రష్షులు అడుగుతాడేమోనని తీసుకున్నాననుకున్నాను అప్పుడు.

మధ్యాహ్నం. వసారాలో అక్క చాప వేసింది. బావ గుడ్డ పరిచి కూర్చున్నాడు. ఎడమచెయ్యి మోకాలి మీద పెట్టుకుని కుడిచేత్తో స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. మిషన్ జారిపోతోంది. నేను పట్టుకోబోతే వద్దన్నాడు. రెండు పాదాల మధ్య ఇరికించుకుని విప్పాడు. ఇదివరకు క్షణంలో తీసే స్క్రూ ఒక్కొక్కటి ఎంతసేపు పట్టిందో. అక్క చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడే ఉంది.

స్విచ్ మూత తీశాడు. రజను కనపడింది.

వేలి కొనతో కాస్త తీసుకుని వెలుగు వైపు పట్టి చూశాడు. వాసన చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదిగో," అన్నాడు చివరికి, అక్కతో. "చెప్పానా? నేనే. దసరాకు ముందు గాలి కొట్టాననుకున్నాను. సరిగ్గా కొట్టలేదు."

"పోనియ్యి, ఇప్పుడెందుకది?" అంది అక్క.

"పోనివ్వడం కాదు. స్విచ్ లోపల ఇంత చెత్త ఉంటే కనపడలేదంటే నా చూపు పోయినట్టే. చేతికి ఇట్లా అయినందుకు కాదు, ఒరేయ్," అని నా వైపు తిరిగాడు. "వేలు లేకపోయినా పని చేసుకోవచ్చు. కానీ చూసుకోవడం రాకపోతే ఈ పనిలో ఉండకూడదు. రేపు ఇంకొకడి చెయ్యి పోతుంది నా వల్ల. నా పానాలు, నా మిషన్లు అన్నీ నువ్వే ఉంచుకో. నేను మానేస్తున్నా."

ఆయన పాదాల మధ్య నుంచి మిషన్ తీసి నా వైపు జరిపాడు.

నేను సంచిలోంచి డబ్బా తీశాను. మూత తీసి దారం ఉండను గుడ్డ మీద పెట్టాను. పసుపు అప్పటికి గోధుమరంగు తిరిగింది. చివరలు ప్లయర్ కోసినట్టు సమంగా ఉన్నాయి.

"స్విచ్ మంచిగనే ఉండె బావా. మీటను నేను కట్టేసిన. దసరా అయినంక. నువ్వు పూజ దారం ముట్టుకోవని తెలిసి దాని కింద కట్టిన. ఆ రజను కూడ నేనే పోసిన, నిన్న."

వీధిలో ఆటో పోయింది.

"ప్లగ్గు?" అంది అక్క.

"బావ అడిగిండు. పీకిన అన్న. పీకలే."

అక్క చేతిలోని గ్లాసులు కింద పెట్టింది. నెమ్మదిగానే పెట్టింది. "నెల కావస్తుంది రా. నిద్రల లేచి స్విచ్, స్విచ్ అంటున్నడు. నేను గూడ అన్న, నువ్వే సూసుకోలే అని. నాతోని గూడ అనిపించినవ్."

బావ దారం ఉండను చేతిలోకి తీసుకున్నాడు. నూలును పక్కకు తీసి నైలాన్‌ను విప్పి చూశాడు.

"రజను చూసినప్పుడే అనుకున్నా," అన్నాడు. "నెల రోజులు లోపలున్న రజనుకు జిడ్డు పట్టాలి. ఇది పొడిగా ఉంది. ఎందుకుందబ్బా అనుకున్నా. నాకే కళ్లు సరిగ్గా కనపడటం లేదనుకున్నా కానీ నువ్వు ఇంత పని చేస్తావనుకోలేదు."

తిడతాడనుకున్నాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను, కొడితే బాగుండేది. ఆయన స్విచ్‌లోని రజనును గుడ్డతో తుడిచి, ఊది, మూత బిగించాడు. వీల్ తీసేశాడు. మిషన్ నా ముందు పెట్టాడు.

"కట్టు. ఎట్లా కట్టావో కట్టి చూపించు."

"బావా..."

"కట్టు."

కోసిన దారమే, చుట్లు తగ్గించి కట్టాను. ముడి రెండుసార్లు జారింది. గోడ మీది బోర్డులో ప్లగ్గు పెట్టి స్విచ్ వేయమన్నాడు. వేశాను. చాప మీద మిషన్ ఎవరూ పట్టుకోకుండా దానంతటదే తిరిగింది. అక్క రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకుంది. బావ కదల్లేదు. ఆయన దాన్ని చూస్తున్న చూపులో కోపం కనపడలేదు. తన లెక్క తప్పలేదని తెలుసుకుంటున్న మనిషిలా చూశాడు. నెల తరువాత ఆ ముఖంలో మొదటిసారి కాస్త తేట కనిపించింది. అది కనిపించింది నా మీద నమ్మకం పోయిన క్షణంలోనే.

"ఆపు."

ఆపాను.

"ప్లగ్గు పీకు."

పీకాను.

"చూపించు."

ప్లగ్గును ఆయనకు కనపడేలా పైకి పట్టుకున్నాను. అప్పుడు దారం కోసి, మీటను నాలుగుసార్లు నొక్కి వదిలి, అది వెనక్కి వస్తుందో లేదో చూసుకున్నాడు.

ఆయన పని మానలేదు. నాతో చేయడం మానేశాడు. కోదాడలో ఆ వసారాలోనే బల్ల వేసుకుని చేతి మిషన్లు రిపేరు చేస్తున్నాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి డ్రిల్లులు, గ్రైండర్లు, రంపపు మిషన్లు వస్తాయి. మీటకు దారమో రబ్బరో టేపో చుట్టి తెచ్చినవాళ్లకు అది తీసేదాకా మిషన్ ముట్టుకోడు. అక్క దసరాకు ఇప్పుడు మా షాపుకు రాదు. నాతో మాట్లాడుతుంది, అన్నం పెడుతుంది. ఒరేయ్ అనడం మాత్రం మానేసింది. నన్ను ఏమని పిలవాలో తెలియనట్టు, పేరు లేకుండానే మాట్లాడుతుంది. నా మిషన్లు నెలకోసారి నేనే పట్టుకుపోతాను. ఆయన విప్పి, ఊది, బ్రష్షులు చూసి ఇస్తాడు. ఎక్కువ మాటలుండవు.

ఈమధ్య మళ్లీ మిర్యాలగూడలో ఒక మిల్లు పనికి పోయాను. అదే కాదు, ఇంకోటి. ఆ రోజు వీల్ అరిగింది. మిషన్ ఆపి, లేచి పోయి ప్లగ్గు పీకి తెచ్చి నా కాలి ముందు పెట్టుకున్నాను. పానా చేతిలోకి తీసుకుంటుండగా ఫోన్ మోగింది. బావే. ఏదో స్క్రూ నంబరు అడగడానికి చేశాడు.

"ఏం మోతది? ఎక్కడున్నావు?"

"మిర్యాలగూడల. మిల్లు. వీల్ మారుస్తున్న."

అవతల స్క్రూడ్రైవర్‌ను బల్ల మీద పెట్టిన చప్పుడు.

"ప్లగ్గు పీకావా?"

"పీకిన బావా."

"చూపించు."

ఫోన్‌ను వీడియోకు మార్చాను. ప్లగ్గు తీసి కెమెరా ముందు పట్టుకున్నాను. మూడు పిన్నులూ కనపడేలా అటూ ఇటూ తిప్పాను. తెర మీద బావ ముఖం దగ్గరగా వచ్చింది. చూశాడు. వైరు వెంట కెమెరా తిప్పమన్నాడు, అది నిజంగా ఈ మిషన్‌దేనా అని. తిప్పాను. మీట మీద ఏమీ లేదని కూడా చూపించాను. అడగకపోయినా చూపించాను.

"ఊ," అన్నాడు. "ఇప్పుడు మార్చు."

ఫోన్ పెట్టేయలేదు. నేను వీల్ మార్చి, మూడు చుట్లు చేత్తో తిప్పేదాకా చూస్తూనే ఉన్నాడు.